తెలిసి చేశాడా?

అందరికీ నమస్కారం.

కోర్టు నవలల మీద మాట్లాడమన్నప్పుడు, వాటిలో ఒక్క రకం గురించే మాట్లాడతానని ముందే చెప్పాను. ఆ రకం ఇది. హత్య జరిగింది. చేసిందెవరో మొదటి అధ్యాయంలోనే తెలిసిపోయింది. సాక్షులున్నారు, ఆయుధం దొరికింది, ముద్దాయి ఒప్పుకున్నాడు కూడా. మామూలు క్రైమ్ నవల ఎక్కడ ముగుస్తుందో ఇది అక్కడ మొదలవుతుంది. డిఫెన్స్ లాయర్ ఒక మానసిక వైద్యుణ్ణి వెతుక్కుంటూ వెళ్తాడు. ప్రాసిక్యూషన్ ఇంకొకరిని పిలిపించుకుంటుంది. ఒకే చదువు చదివిన ఇద్దరు డాక్టర్లు, ఒకే మనిషితో గంటల తరబడి మాట్లాడి వచ్చి, సాక్షి బోనులో రెండు వేరు వేరు మాటలు చెబుతారు. చంపాడా లేదా అన్న ప్రశ్న అప్పటికే తేలిపోయింది. చంపేటప్పుడు అతని మనసు ఏ స్థితిలో ఉందన్నదే మిగిలింది.

నేను లాయర్‌ని కాను, డాక్టర్‌ని కాను. 30 ఏళ్లుగా ఈ నవలలు చదువుతున్న మనిషిని. ఇవి చదివే తీరు మాత్రం మా చిన్నాన్న వల్ల మారింది. ఆయనకు స్కిజోఫ్రెనియా. 18 ఏళ్లు ఆ జబ్బుతో బతికాడు. ఎవరి మీదా ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఇంటి ఖర్చులన్నీ పైసలతో సహా రాసిపెట్టేవాడు, ఏ రోజు ఏ తారీఖో అడిగితే ఠక్కున చెప్పేవాడు. పై అంతస్తువాళ్లు సీలింగ్ ఫ్యాన్ ద్వారా తన ఆలోచనలు వింటున్నారని కూడా అంతే స్థిరంగా చెప్పేవాడు. ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతున్నా అలాగే కూర్చుని, లెక్కలు తప్పు లేకుండా కూడేవాడు. ఆ రెండూ ఒకే తలలో, ఒకే పూట జరిగేవి.

నేను చదివిన నవలల్లో ఇలాంటి మనిషి చాలా అరుదుగా కనిపించాడు. జుట్టు పీక్కుని కేకలు వేసేవాడో, చివరి పేజీలో నవ్వుతూ "అంతా నటనే" అనేవాడో కనిపించాడు. ఈ రెంటి మధ్య ఉన్న చోటే కోర్టుకు నిజంగా కష్టమైన చోటు. ఈ పూట నేను మాట్లాడేది ఆ చోటు గురించే.

మన భాషలో "తెలుసు" అనే మాట ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి చూడండి. "తెలిసి చేశాడు" అంటే నేరం మోపినట్టే. "తెలియక చేశాడు" అంటే వదిలేయమని. "తెలిసీ తెలియక చేశాడు" అంటే సగం శిక్ష, సగం క్షమ. "ఒళ్లు తెలియని కోపం" అంటాం. ఆ కోపంలో ఉన్నవాడికి ఎదుటి మనిషి పేరు తెలుసు, చేతిలో ఉన్నది కత్తి అని తెలుసు, అయినా ఒళ్లు తెలియదు. ఇంకొకణ్ణి చూడండి. భార్య పోయిందని అతనికి తెలుసు, అయినా రాత్రి తలుపు గడియ వేయకుండా ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు. ఇక్కడ "తెలుసు" అంటే ఏమిటి? మతిస్థిమితం మీద కోర్టులు చేసిన వాదనంతా ఈ ఒక్క క్రియ చుట్టూ తిరుగుతోంది. అది మొదలైన సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అది ఏ నవలకూ తీసిపోదు.

1843 జనవరి 20, లండన్. గ్లాస్గోలో కొయ్యపని చేసుకు బతికిన డేనియల్ మక్‌నాటన్ అనే మనిషి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను వెనక నుంచి తుపాకీతో కాల్చాడు. డ్రమ్మండ్ ప్రధానమంత్రి రాబర్ట్ పీల్‌కు కార్యదర్శి. తాను కాల్చింది పీల్‌నే అని మక్‌నాటన్ అనుకున్నాడు. పీల్ పార్టీ అయిన టోరీవాళ్లు తనను ఎక్కడికి వెళ్లినా వెంటాడుతున్నారని, తనను చంపేదాకా వదలరని అతని నమ్మకం. డ్రమ్మండ్ ఐదు రోజుల తర్వాత చనిపోయాడు. మార్చిలో విచారణ జరిగింది. డిఫెన్స్ తరఫున వాదించిన అలెగ్జాండర్ కాక్‌బర్న్ చేతిలో ఒక పుస్తకం ఉంది. మతిభ్రమణం గురించీ చట్టం గురించీ అమెరికా డాక్టర్ ఐజాక్ రే 1838లో రాసిన పుస్తకం అది. డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఇతనికి మతి సరిగా లేదన్నారు. వాళ్లలో ముద్దాయితో ఒక్కసారి కూడా మాట్లాడకుండా, కోర్టులో కూర్చుని సాక్ష్యాలు విని అభిప్రాయం చెప్పినవాళ్లూ ఉన్నారు. ప్రాసిక్యూషన్ తరఫున కాదని చెప్పే డాక్టరే లేడు. చివరికి న్యాయమూర్తులే మధ్యలో ఆపారు. జ్యూరీ లేచి పక్క గదికైనా వెళ్లకుండా, మతిస్థిమితం లేని కారణంగా నిర్దోషి అని చెప్పేసింది.

దేశం భగ్గుమంది. విక్టోరియా రాణికి కోపం వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు ఆమె మీద కాల్పులు జరిపినవాడు కూడా ఇదే కారణంతో బయటపడ్డాడు. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిచి ప్రశ్నలు వేసింది. వాళ్లు చెప్పిన జవాబులే మక్‌నాటన్ సూత్రాలయ్యాయి. సారాంశం ఇది. మనోవ్యాధి వల్ల, తాను చేస్తున్న పని ఎలాంటిదో అతనికి తెలియకుండా ఉండాలి. లేదా అది తెలిసినా, తప్పని తెలియకుండా ఉండాలి. ఇంగ్లీషు చట్టం వెళ్లిన ప్రతిచోటికీ ఈ మాట వెళ్లింది. మన పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్, ఈ మాటకు దగ్గరి చుట్టాలే.

ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఒకటుంది. ఈ సూత్రాలను మక్‌నాటన్‌కే వర్తింపజేస్తే అతను బయటపడి ఉండేవాడా? చేతిలో ఉన్నది తుపాకీ అని అతనికి తెలుసు. కాలిస్తే మనిషి చస్తాడని తెలుసు. చంపడం నేరమని తెలియదని చెప్పడానికి ఆధారం ఎక్కడుంది? చాలామంది న్యాయపండితులు అతను బయటపడేవాడు కాదనే అంటారు. అతని పేరుతో ఉన్న తలుపు అతనికే తెరుచుకోదు.

నవలల్లో ప్రాసిక్యూటర్ క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. "తుపాకీ ముందు రోజే కొన్నాడా లేదా? బయట కాపు కాశాడా లేదా? పట్టుకోబోతే పరిగెత్తాడా లేదా? ఇంత ప్లాన్ వేసినవాడికి పిచ్చి ఎలా ఉంటుంది డాక్టర్?" డాక్టర్ తడబడతాడు. జ్యూరీ తలలు ఊపుతుంది. ఈ సీన్ చదివినప్పుడల్లా నాకు ఫ్యాన్ కింద చెమటలు కక్కుతూ లెక్కలు రాసే చిన్నాన్న గుర్తొస్తాడు. ప్లాన్ వేయగలగడం ఒక సంగతి. ఆ ప్లాన్ ఏ లోకంలో నిలబడి వేశాడన్నది ఇంకో సంగతి.

ఈ మాట మక్‌నాటన్ కంటే 43 ఏళ్ల ముందే ఒక లాయర్ కోర్టులో చెప్పాడు. 1800 మే 15న జేమ్స్ హాడ్‌ఫీల్డ్ అనే మాజీ సైనికుడు లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో మూడో జార్జి రాజు మీద పిస్తోలు కాల్చాడు. గుండు తగల్లేదు. యుద్ధంలో అతని తల మీద కత్తి దెబ్బలు తగిలాయి, పుర్రె పగిలిన గుర్తులు జ్యూరీకి కనిపిస్తున్నాయి. ప్రభుత్వం తనను ఉరితీస్తే దాని వల్ల క్రీస్తు మళ్లీ వస్తాడని అతని నమ్మకం. తనంతట తాను చనిపోకూడదు, రాజ్యమే చంపాలి. అందుకని రాజును కాల్చాడు. చూడండి, ఇందులో పథకం ఉంది, తర్కం ఉంది. తాను చేసేది మరణశిక్ష పడే నేరమని అతనికి తెలియడమే కాదు, అలా తెలుసు కాబట్టే చేశాడు. అతని లాయర్ థామస్ ఎర్స్‌కిన్ జ్యూరీకి చెప్పింది ఏమిటంటే, పిచ్చి అంటే తెలివంతా పోవడం కాదు, భ్రమే దాని అసలు గుణం అని. ఆ భ్రమ ఒక్కటి పునాదిలో ఉంటే, దాని మీద కట్టే గోడలు ఎంత నిటారుగానైనా ఉండవచ్చు. హాడ్‌ఫీల్డ్ నిర్దోషిగా తేలాడు. ఆ వెంటనే పార్లమెంటు, ఇలా నిర్దోషులైనవాళ్లను నిర్బంధంలో ఉంచడానికి చట్టం చేసింది. ఈ చట్టం సంగతి చివర మళ్లీ ఎత్తుతాను.

కోర్టు నవల రాయాలనుకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి, ఫోరెన్సిక్ సైకియాట్రిస్ట్, అంటే కోర్టు కోసం ముద్దాయి మనసును పరీక్షించే డాక్టర్, చేసే పని గురించి నేను తెలుసుకున్నది చెబుతాను. నవలల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే చూశాను.

మొదటిది, ఆ డాక్టర్ వైద్యం చేయడానికి రాలేదు. జైల్లో ముద్దాయి ఎదుట కూర్చోగానే ఆయన చెప్పాల్సిన మొదటి మాట అదే: నేను మీ డాక్టర్‌ని కాను, మీరు చెప్పేది మన మధ్య ఉండిపోదు, రిపోర్టులో రాస్తాను, కోర్టులో చెబుతాను. ముద్దాయి సరేనంటాడు. కానీ ఎదుటి మనిషి నెమ్మదిగా, కోపగించుకోకుండా, మధ్యలో అడ్డం రాకుండా వింటున్నాడు. అరెస్టయిన తర్వాత అతని మాట అలా విన్న మొదటి మనిషి ఆయనే కావచ్చు. గంట గడిచేసరికి ఆ హెచ్చరిక మర్చిపోతాడు. అమ్మతో చెప్పని సంగతులు చెప్పడం మొదలుపెడతాడు. అప్పుడు ఆ డాక్టర్ ఏం చేయాలి? మళ్లీ ఆపి గుర్తు చేయాలా? గుర్తు చేస్తే నోరు మూసుకుంటాడు. చేయకపోతే అది వంచన. దీని మీద ఒక అధ్యాయం కాదు, ఒక నవలే రాయవచ్చు. ఇది ఊహించి చెబుతున్నది కాదు. టెక్సాస్‌లో ఒక ముద్దాయిని విచారణకు తగిన స్థితిలో ఉన్నాడా అని చూడడానికి వెళ్లిన డాక్టర్, ఆ మాటల ఆధారంగానే తర్వాత మరణశిక్షకు అనుకూలంగా సాక్ష్యం చెప్పాడు. మౌనంగా ఉండే హక్కు ఉందని ముద్దాయికి ఎవరూ చెప్పలేదు. 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మరణశిక్షను నిలవనివ్వలేదు.

రెండోది, "విచారణకు తగిన స్థితిలో ఉన్నాడా" అనే ప్రశ్న వేరు, "నేరం చేసిన వేళ మతి ఉందా" అనే ప్రశ్న వేరు. నవలల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు. మొదటిది ఇవాళ్టి గురించి. తన లాయర్‌తో అర్థవంతంగా మాట్లాడగలడా, తన మీద కేసేమిటో అర్థమవుతోందా? అమెరికాలో 1960 నుంచీ ఇదే కొలత. రెండోది గడిచిపోయిన ఒక గంట గురించి. ఇవాళ నిక్షేపంగా ఉన్నవాడు ఆ గంటలో వేరే లోకంలో ఉండి ఉండవచ్చు. ఇవాళ తన పేరు చెప్పలేనివాడికి ఆ రోజు అంతా తెలిసి ఉండవచ్చు.

అందుకే ఆ డాక్టర్ పని చాలావరకు డిటెక్టివ్ పనే. హత్య జరిగి నెలలు గడిచాయి. జైల్లో మందులు వాడారు. ఎదుట కూర్చున్న మనిషి ఆ రాత్రి ఉన్న మనిషి కాడు. కాబట్టి ఆయన పాత ఆసుపత్రి కాగితాలు తెప్పిస్తాడు. పోలీసులు వచ్చిన మొదటి నిమిషాల్లో ముద్దాయి అన్న మాటలు వెతుకుతాడు. ఎందుకంటే లాయర్ కలవకముందు, జైల్లో తోటివాళ్లు సలహాలు చెప్పకముందు నోటి నుంచి వచ్చిన మాటలు అవే. హత్యకు ముందు వారం రోజులు నిద్రపోయాడా, స్నానం చేశాడా, ఎవరికి ఫోన్ చేశాడు, ఏం రాసుకున్నాడు, ఇంటివాళ్లతో ఏమన్నాడు అని ఆరా తీస్తాడు. ముద్దాయి చెప్పేది వీటితో కలుస్తోందా లేదా చూస్తాడు. నవలా రచయితలు ఈ వెతుకులాటను పోలీసు పాత్రకు ఇచ్చేసి, డాక్టర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి కళ్లలోకి చూసి నిజం కనిపెట్టే మంత్రగాణ్ణి చేస్తారు. కళ్లలోకి చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరు.

నటన సంగతికి వద్దాం. నటించేవాళ్లు లేరని నేను అనను. ఉన్నారు. 1979లో అమెరికాలో వరస హత్యల కేసులో పట్టుబడ్డ కెన్నెత్ బియాంకీ, తనలో స్టీవ్ అనే మరో వ్యక్తి ఉన్నాడని, హత్యలు వాడే చేశాడని నమ్మించబోయాడు. కొందరు నిపుణులు నమ్మారు కూడా. మార్టిన్ ఓర్న్ అనే సైకియాట్రిస్ట్ వచ్చి, హిప్నాసిస్ మొదలుపెట్టే ముందు మాటల్లో మాటగా ఒక సంగతి అన్నాడు: ఇలాంటి జబ్బులో ఇద్దరే ఉండడం అరుదు, సాధారణంగా మూడో వ్యక్తి కూడా ఉంటాడు అని. కొద్దిసేపటికే బిల్లీ అనే మూడోవాడు బయటికొచ్చాడు. స్టీవ్ అనే పేరు కూడా బియాంకీ మోసం చేసి చదువు సర్టిఫికెట్లు సంపాదించిన ఒక అసలు మనిషి పేరని పోలీసులు పట్టుకున్నారు. చివరికి అతను నేరం ఒప్పుకున్నాడు. ఇందులో అరుపులు లేవు, బల్ల గుద్దడం లేదు. ఓపిగ్గా అన్న ఒక్క వాక్యం ఉంది. సస్పెన్స్ అంటే ఇది.

నటించేవాడు సాధారణంగా ఎక్కువ చేస్తాడు. జబ్బును అడగకముందే చూపిస్తాడు. పుస్తకాల్లో ఉన్న లక్షణాలన్నీ, ఒకదానితో ఒకటి కలవనివి కూడా, తనకే ఉన్నాయంటాడు. నిజంగా జబ్బున్నవాళ్లు చాలామంది దాన్ని దాచుకుంటారు. తమకేమీ లేదంటారు. నిజంగా గొంతులు వినబడేవాళ్లకు వాటిని తట్టుకునే ఉపాయాలు కూడా ఉంటాయి, పాటలు పెట్టుకోవడమో, గట్టిగా చదవడమో. మా చిన్నాన్న ఎక్కాలు చదివేవాడు. గొంతులు వినబడని మనిషికి ఈ ఉపాయం ఊరికే తట్టదు.

ఒకసారి నేను చదివి పక్కన పెట్టిన నవల ఆయన చదివాడు. చివర్లో ముద్దాయి ఇన్నాళ్లూ నటించాడని తేలే నవల. పుస్తకం తిరిగిస్తూ, "అమ్మాయ్, నేను కూడా నటిస్తున్నానని మీకెవరికైనా ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. ఆ రోజు నుంచి అలాంటి చివరి పేజీని నేను సరదాగా చదవలేకపోయాను. రచయితకు అది ఒక మలుపు. చదివేవాళ్లలో కొందరికి అది ఇంట్లో వాళ్ల చూపు మారిపోవడం.

అదీగాక లెక్కలు కూడా ఆ నవలల పక్షాన లేవు. అమెరికాలో ఎనిమిది రాష్ట్రాల కేసులు పరిశీలించి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద నేరాల కేసుల్లో మతిస్థిమితం వాదన ఎత్తినవి నూటికి ఒకటి కంటే తక్కువ. ఎత్తినవాటిలో నెగ్గినవి సుమారు నాలుగోవంతు. జనం మాత్రం రోజూ ఎవడో ఒకడు పిచ్చి పేరు చెప్పి తప్పించుకుంటున్నాడని అనుకుంటారు. అలా అనుకోవడానికి వాళ్లు కోర్టులకు వెళ్లి చూడలేదు. కథలు చదివారు, సినిమాలు చూశారు.

కథ కోర్టులోకి నేరుగా నడిచి వెళ్లిన సందర్భం ఒకటి ఉంది. దాని కోసమే నేను ఈ అంశం ఎంచుకున్నాను. వినడం కష్టంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను.

2001 జూన్ 20న హ్యూస్టన్‌లో ఆండ్రియా యేట్స్ అనే తల్లి తన ఐదుగురు పిల్లలను స్నానాల తొట్టిలో ముంచి చంపింది. ఆమే పోలీసులకు ఫోన్ చేసింది. కాన్పు తర్వాత వచ్చే తీవ్రమైన మానసిక వ్యాధితో అంతకు ముందే ఆసుపత్రుల్లో ఉంది, ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించింది. తాను చెడ్డ తల్లినని, తన పెంపకంలో పిల్లలు నరకానికి పోతారని, ఇప్పుడే చనిపోతే దేవుడి దగ్గరికి చేరతారని ఆమె నమ్మకం. ఆమెకు జబ్బు ఉందన్న విషయంలో రెండు పక్షాల మధ్య పెద్ద గొడవ లేదు. టెక్సాస్ చట్టం అడిగేది ఒక్కటే: అది తప్పని ఆమెకు తెలుసా?

చూశారా, మళ్లీ అదే మాట. పోలీసులకు ఫోన్ చేసింది కాబట్టి తెలుసు అంది ప్రాసిక్యూషన్. పిల్లలను కాపాడుతున్నాననుకున్న తల్లికి తెలుసనడంలో అర్థమేముంది అంది డిఫెన్స్. ఒక్క క్రియ మీద ఒక ప్రాణం వేలాడుతోంది, ఎందుకంటే అడిగింది మరణశిక్ష.

ప్రాసిక్యూషన్ తరఫున వచ్చిన నిపుణుడు పార్క్ డీట్జ్, దేశమంతా పేరున్న ఫోరెన్సిక్ సైకియాట్రిస్ట్. "లా అండ్ ఆర్డర్" అనే టీవీ సీరియల్‌కు సలహాదారు కూడా. ఆమె ఆ సీరియల్ చూసేది. ఆయన సాక్ష్యంలో, హత్యలకు కొద్దికాలం ముందే ఆ సీరియల్‌లో ఒక ఎపిసోడ్ వచ్చిందని, కాన్పు తర్వాతి దిగులుతో ఉన్న తల్లి పిల్లలను తొట్టిలో ముంచి చంపి మతిస్థిమితం లేదన్న కారణంగా బయటపడడం అందులో కథ అని చెప్పాడు. ప్రాసిక్యూటర్ ముగింపు వాదనలో దాన్ని అందుకున్నాడు. ఆమె తప్పించుకునే దారి టీవీలో చూసింది అన్నట్టు. జ్యూరీ దోషి అని తీర్పు చెప్పింది.

అలాంటి ఎపిసోడ్ లేదు. అసలు తీయనే లేదు. ఆ సీరియల్‌కు రాసిన ఒక రచయిత్రి ఆ విచారణ చూడడానికి వచ్చి ఉండడం వల్ల ఆ తప్పు బయటపడింది. తాను పొరపడ్డానని డీట్జ్ ఒప్పుకున్నాడు. జ్యూరీ మరణశిక్ష వేయలేదు, యావజ్జీవం వేసింది. 2005 జనవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2006 జులైలో రెండో జ్యూరీ ఆమె మతిస్థిమితం లేని కారణంగా నిర్దోషి అంది. చేసిన పని అదే, చట్టం అదే, తొట్టి అదే, ఫోన్ కాల్ అదే. తీర్పు మారింది.

ఈ సంగతి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఎపిసోడ్ నిజంగా లేకపోయినా జ్యూరీలో 12 మందికీ అది ఉందంటే నమ్మశక్యంగా అనిపించింది. అంత అనుభవమున్న డాక్టర్‌కు కూడా అది చూసినట్టే గుర్తుంది. ఎందుకు? ఆ ఆకారంలో కథలు మనందరి తలల్లో ముందే ఉన్నాయి కాబట్టి. అవి రాసింది మనలాంటివాళ్లే. రచయితకు బాధ్యత ఉందా అని సభల్లో అడుగుతుంటారు. నేను వాదనకు దిగను, ఈ కేసు చెబుతాను.

చట్టం కూడా "తెలుసు"తో చాలాకాలం కుస్తీ పట్టింది. 1954లో వాషింగ్టన్ అప్పీలు కోర్టులో న్యాయమూర్తి డేవిడ్ బాజెలన్ ఆ మాటనే పక్కన పెట్టి, నేరం మనోవ్యాధి ఫలితమైతే చాలన్నాడు. అప్పుడు తీర్పంతా డాక్టర్ల చేతుల్లోకి పోయింది, 1972లో ఆ కోర్టే దాన్ని వదిలేసింది. 1981లో అమెరికా అధ్యక్షుడు రేగన్ మీద కాల్పులు జరిపిన జాన్ హింక్లీ మరుసటి ఏడాది నిర్దోషిగా తేలాక, 1984లో ఫెడరల్ చట్టాన్ని బిగించారు. నిరూపించే భారం ముద్దాయి మీద పెట్టారు. ఆ వేళ ముద్దాయి మనఃస్థితి నేరానికి చాలినంత ఉందా లేదా అన్న చివరి మాటను డాక్టర్ అనకూడదన్నారు. ఇది మంచి నాటకం. నెలల తరబడి శ్రమించిన డాక్టర్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోవాలి. చివరి అడుగు జ్యూరీ వేయాలి. నవలల్లో డాక్టర్ వేలు చూపించి "ఇతను నిర్దోషి" అంటుంటే నాకు అందుకే కష్టంగా ఉంటుంది.

2020లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు కాన్సస్ రాష్ట్రం కేసు వచ్చింది. అక్కడ తప్పొప్పులు తెలుసా అన్నది లెక్కలోకి రాదు, చంపాలన్న ఉద్దేశం ఉందా లేదా అన్నదే లెక్క. మెజారిటీ సరేనంది. ఒప్పుకోని న్యాయమూర్తి స్టీఫెన్ బ్రేయర్ ఇద్దరు ముద్దాయిలను ఊహించమన్నాడు. ఒకడు తాను కాల్చింది మనిషిని కాదు, కుక్కను అనుకున్నాడు. రెండోవాడు మనిషినని తెలిసే కాల్చాడు, కుక్క ఆజ్ఞాపించిందని. ఇద్దరికీ ఒకే జబ్బు. కాన్సస్‌లో మొదటివాడు బయటపడతాడు, రెండోవాడు పడడు. రాయాలనుకునేవాళ్లు ఈ ఇద్దరినీ పక్కపక్క సెల్లుల్లో కూర్చోబెట్టి చూడండి.

లాయర్ గురించి తక్కువ చెప్పాను. ఒక్క పుస్తకం పేరు చెబుతాను. మిచిగన్‌లో 1952లో ఒక హత్య కేసులో డిఫెన్స్ వాదించి గెలిచిన జాన్ వోల్కర్, రాబర్ట్ ట్రావెర్ అనే పేరుతో 1958లో "అనాటమీ ఆఫ్ ఎ మర్డర్" రాశాడు. మరుసటి ఏడాది సినిమా అయింది. అందులో లాయర్, క్లయింట్ కథ పూర్తిగా వినకముందే, హత్యకు చట్టం ఒప్పుకునే కారణాలేమిటో వివరిస్తాడు. ఏం చెప్పాలో చెప్పడు. ఏవి పనికొస్తాయో చెబుతాడు, అంతే. తర్వాత ఆ క్లయింట్ తనకు అదుపు తప్పిందంటాడు. నిజంగా తప్పిందా, నేర్చుకున్నాడా? పుస్తకం తేల్చదు. అందుకే అది నాకు గౌరవం. లాయర్‌కు కూడా తేలదు, తేలకపోయినా కోర్టులో నిలబడి పోరాడతాడు. ఆ వృత్తిలో ఉన్నవాడు రాస్తేనే వచ్చే నిజాయితీ అది.

ఇక హాడ్‌ఫీల్డ్ చట్టం సంగతి బాకీ ఉంది. నవల ఎప్పుడూ తీర్పుతో ముగుస్తుంది. "నిర్దోషి" అనగానే కోర్టులో గోల, లాయర్ కుర్చీలో వెనక్కి వాలడం, అయిపోయింది. ఆ నిర్దోషి ఇంటికి వెళ్లడు. హింక్లీ 2016లో గానీ ఆసుపత్రి వదిలి తల్లి దగ్గర ఉండడానికి రాలేదు, పూర్తిగా స్వేచ్ఛ దొరికింది 2022లో. ఆండ్రియా యేట్స్‌ను కోర్టు నుంచి మానసిక ఆసుపత్రికే తీసుకెళ్లారు. ఇక మక్‌నాటన్. జ్యూరీ కుర్చీల్లోంచి లేవకుండానే నిర్దోషి అన్న ఆ మనిషిని బెత్లెం మానసిక ఆసుపత్రిలో పెట్టారు. 1864లో కొత్తగా కట్టిన బ్రాడ్‌మూర్ ఆసుపత్రికి మార్చారు. మరుసటి ఏడాది అక్కడే చనిపోయాడు. అతని పేరు మీద పుట్టిన సూత్రాలతో న్యాయమూర్తులు కేసుల తర్వాత కేసులు తేలుస్తుంటే, 22 ఏళ్లు ఆ మనిషి గోడల మధ్య ఉన్నాడు. టోరీలు వెంటపడుతున్నారని ఇంకా అనుకునేవాడా? డ్రమ్మండ్ పేరు తలుచుకునేవాడా? మందు పనిచేసి, చేసింది ఏమిటో ఒకరోజు నిజంగా తెలిసి వస్తే, ఆ రోజు మనిషి ఎలా ఉంటాడు? ఆ రోజు మీద రాసిన నవల కోసం నేను ఇంకా వెతుకుతున్నాను.

ప్రశ్నలుంటే అడగండి.